చిన్ననాటి విరుపు తర్వాత ఎదుగుదల ఆగిన మణికట్టు: ఏ వైద్యం, ఎప్పుడు, ఎవరికి

పిల్లలకు మణికట్టు దగ్గర ఎముక విరిగితే అది దాదాపు ఎప్పుడూ అతుక్కుంటుంది. చెట్టు మీద నుంచో, సైకిల్ మీద నుంచో, సంక్రాంతికి గాలిపటం ఎగరేస్తూ పిట్టగోడ మీద నుంచో పడి, పడేటప్పుడు అరచేయి నేలకు ఆనించిన బిడ్డకు నాలుగు నుంచి ఆరు వారాలు కట్టు ఉంచి విప్పితే, మరికొన్ని వారాలకే ఆ చేత్తో మామూలుగా ఆడుకుంటుంది. చాలా కుటుంబాలు ఆ సంగతిని అక్కడితో మరిచిపోతాయి, చాలామంది విషయంలో మరిచిపోయినా నష్టం లేదు. కొద్దిమంది పిల్లల్లో మాత్రం ఏడాదో రెండేళ్లో గడిచాక చిటికెన వేలి వైపు మణికట్టు మీద బుడిపె లేస్తుంది, చేయి బొటనవేలి వైపుకు ఒరుగుతుంది, అరచేతిని పూర్తిగా వెల్లకిలా తిప్పి దోసిలి పట్టడం కష్టమవుతుంది, తడిబట్ట పిండినా బిందె ఎత్తినా నొప్పి వస్తుంది. అప్పుడు తల్లిదండ్రులు డాక్టరు దగ్గరకు వెళ్లి మొదట అడిగేది ఏ ఆపరేషన్ మంచిదని. ఆ ప్రశ్నకు జవాబు ఇంకో ప్రశ్నలో ఉంది: ఈ బిడ్డ ఎముక ఇంకా ఎంత ఎదగాలి? ఈ వ్యాసంలో వేర్వేరు వైద్యాలను పోల్చి చూపుతున్నప్పటికీ, నా అభిప్రాయంలో సరైన వైద్యం ఎంచుకోవడమంటే ముప్పాతిక వంతు సరైన సమయాన్ని ఎంచుకోవడమే. సమస్యను తొందరగా పట్టుకుంటే చిన్న ఆపరేషన్‌తో సరిపోయేది, ఆలస్యమైతే రెండు మూడు పెద్ద ఆపరేషన్లు అవసరమవుతుంది.

అసలు ఏం జరిగింది

ముంజేతిలో రెండు ఎముకలుంటాయి. బొటనవేలి వైపు ఉండేది రేడియస్, చిటికెన వేలి వైపు ఉండేది అల్నా. పిల్లల్లో ప్రతి పొడవాటి ఎముక చివరన గ్రోత్ ప్లేట్ అనే మెత్తటి మృదులాస్థి పొర ఉంటుంది, ఎముక పొడవు పెరిగేది అక్కడే. రేడియస్ పెరుగుదలలో సుమారు 75 నుంచి 80 శాతం మణికట్టు వైపు ఉన్న గ్రోత్ ప్లేట్ నుంచే వస్తుంది, అల్నా సంగతీ దాదాపు అంతే. మోచేతి వైపు వాటా చాలా తక్కువ. కాబట్టి మణికట్టు దగ్గర పొర దెబ్బతింటే, ఆ లోటును పూడ్చగలిగిన ప్లేట్ మరొకటి ఆ ఎముకలో లేదు.

దెబ్బతిన్న చోట మృదులాస్థి స్థానంలో గట్టి ఎముక ఏర్పడి, పొరకు అటూ ఇటూ ఉన్న ఎముకను కలిపేస్తుంది. దీన్ని వైద్యులు బోనీ బార్ అంటారు. బార్ పొర నడిమధ్యన ఉంటే ఎముక నేరుగానే ఉండి పొట్టిగా మిగిలిపోతుంది. ఒక అంచున ఉంటే ఆ వైపు ఆగిపోయి రెండో వైపు పెరుగుతుంది కనుక ఎముక చివర వాలిపోతుంది. రేడియస్ ఆగిపోయినా పక్కనున్న అల్నా తన దారిన తాను పెరుగుతూనే ఉంటుంది. ఒకే కాడికి కట్టిన రెండెడ్లలో ఒకటి నిలబడిపోయి రెండోది నడిస్తే బండి పక్కకు తిరిగినట్లు, మణికట్టు కూడా ఒక పక్కకు తిరుగుతుంది.

కెనడాలోని టొరంటో వైద్యులు సాల్టర్, హ్యారిస్ 1963లో గ్రోత్ ప్లేట్ విరుపులను ఐదు రకాలుగా విభజించారు. ఇవాళ్టికీ డిశ్చార్జి కాగితం మీద మీకు కనిపించే ఎస్‌హెచ్ టైప్ 2 వంటి రాతలు ఆ విభజనలోవే. మణికట్టు దగ్గర అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది రెండో రకం. అయిదో రకంలో పొర నలిగిపోతుంది. మొదటి రోజు ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు, ఎదుగుదల ఆగిపోయాకే బయటపడుతుంది.

ఇది ఎంతమందికి వస్తుందన్న ప్రశ్నకు జవాబు ఏ ఎముక దెబ్బతిన్నదనే దాని మీద ఆధారపడుతుంది. రేడియస్ గ్రోత్ ప్లేట్ గుండా విరుపు వచ్చిన పిల్లల్లో ఎదుగుదల ఆగేది సుమారు 4 నుంచి 7 శాతం మందికే. అల్నా చివర గ్రోత్ ప్లేట్ విరగడం అరుదు, కానీ విరిగితే దాదాపు సగం మందిలో ఎదుగుదల ముందుగానే ఆగిపోతుంది. ఈ రెండు అంకెల మధ్య తేడాను తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి. రిపోర్టులో అల్నా ఫైసిస్ (గ్రోత్ ప్లేట్‌కే మరో పేరు) విరుపు అని ఉంటే, బిడ్డకు నొప్పి లేకపోయినా తర్వాతి ఎక్స్‌రేలు మానకూడదు.

వంకరగా అతకడం వేరు, ఎదుగుదల ఆగడం వేరు

వైద్యం గురించి మాట్లాడేముందు ఈ రెండింటినీ విడదీయాలి, ఎందుకంటే ఒకదానికి చేయాల్సిన పని రెండోదానికి సరిగ్గా వ్యతిరేకం. కట్టు విప్పినప్పుడే చేయి కాస్త వంకరగా కనిపిస్తే, అది చాలావరకు ఎముక కొంచెం వంపుతో అతకడం వల్ల వచ్చినది. గ్రోత్ ప్లేట్ బాగుంటే, ముఖ్యంగా బిడ్డ పదేళ్ల లోపుంటే, ముందుకో వెనక్కో ఉన్న ఇరవై డిగ్రీల వంపు కూడా ఏడాది రెండేళ్లలో తనంతట తానే సర్దుకుంటుంది. మణికట్టు ఎముకకు ఉన్న ఈ శక్తి చాలా గొప్పది. అలాంటి బిడ్డకు తొందరపడి మళ్లీ లాగి సరిచేయించడం, ముఖ్యంగా విరుపు జరిగి వారం పది రోజులు దాటాక బలంగా లాగించడం, గ్రోత్ ప్లేట్‌కు కొత్త దెబ్బ తగిలించడమే అవుతుంది. ఇక్కడ ఓపికే వైద్యం.

ఎదుగుదల ఆగినప్పుడు కథ తలకిందులవుతుంది. కట్టు విప్పిన రోజు చేయి తిన్నగా ఉంటుంది, నెలలు గడిచేకొద్దీ వంకర పెరుగుతుంది. ఇక్కడ ఎదురుచూస్తూ కూర్చుంటే ప్రతి నెలా నష్టమే. పెరిగే కొద్దీ అదే సర్దుకుంటుందని పెద్దవాళ్లు ధైర్యం చెప్పడం సహజం. ఆ మాట మొదటి రకానికి నిజం, రెండో రకానికి ప్రమాదకరం. కాలంతో వంకర తగ్గుతోందా, పెరుగుతోందా అన్నదే తేల్చుకోవాల్సిన విషయం. దాన్ని కంటితో కాక, ఆరు నెలల తేడాతో తీసిన రెండు ఎక్స్‌రేలను పక్కపక్కన పెట్టి తేల్చుకోవాలి.

ఎక్స్‌రేలో ఏం చూడాలి

డాక్టరు ఫిల్మును లైటు మీద పెట్టినప్పుడు మీరు కూడా చూడగలిగిన గుర్తు ఒకటుంది. విరుపు సమయంలో ఎముక పెరుగుదల కొద్దికాలం మందగించి మళ్లీ మొదలవుతుంది, ఆ మందగింపు ఎముకలో సన్నటి తెల్లగీతగా మిగిలిపోతుంది. పెరుగుదల సవ్యంగా సాగుతుంటే ఈ గీత గ్రోత్ ప్లేట్‌కు సమాంతరంగా ఉంటూ, నెలలు గడిచేకొద్దీ దాని నుంచి దూరం జరుగుతుంది. గీత ఒక పక్క దూరంగా, ఇంకో పక్క పొరకు అంటుకుపోయి ఏటవాలుగా కనిపిస్తే, అది అంటుకున్న చోటే బార్ ఉందని అర్థం. గీత అసలు కదలనేలేదంటే మొత్తం పొర ఆగిపోయింది. ఈ ఒక్క గీత వంకర బయటికి కనిపించకముందే సమస్యను పట్టిస్తుంది.

రెండోది, రెండు ఎముకల చివర్ల మధ్య ఎత్తు తేడా. మామూలు మణికట్టులో రేడియస్, అల్నా దాదాపు సమానంగా ముగుస్తాయి, ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా చాలామందిలో సహజంగానే ఉంటుంది. అందుకే రెండు చేతులకూ ఎక్స్‌రే తీయించాలి, బాగున్న చేయే ఆ బిడ్డకు సరైన కొలబద్ద. పెద్దల మణికట్ల మీద ప్రయోగశాలల్లో తీసిన కొలతల ప్రకారం మణికట్టు గుండా వెళ్లే భారంలో 80 శాతం రేడియస్ మీద, 20 శాతం అల్నా వైపు పడుతుంది. అల్నా కేవలం రెండున్నర మిల్లీమీటర్లు పొడవైతే ఆ వైపు వాటా 40 శాతం దాటుతుంది. చూడటానికి చిన్నదిగా ఉన్న తేడా చిటికెన వేలి వైపు నొప్పిగా మారడానికి కారణం ఇదే.

మూడోది బోన్ ఏజ్, అంటే ఎముకల వయసు. ఎడమచేతి ఎక్స్‌రేను ప్రామాణిక చిత్రాలతో పోల్చి దీన్ని లెక్కిస్తారు. పన్నెండేళ్ల ఇద్దరు పిల్లల్లో ఒకరి ఎముక వయసు పదిన్నర, ఇంకొకరిది పదమూడు ఉండటం వింతేమీ కాదు. నిర్ణయం ఆధారపడాల్సింది బర్త్ సర్టిఫికెట్ మీద కాదు, ఈ లెక్క మీద. మణికట్టు దగ్గర పొరలు ఆడపిల్లల్లో సుమారు 15, 16 ఏళ్లకు, మగపిల్లల్లో 17, 18 ఏళ్లకు మూసుకుంటాయి. ఆడపిల్ల రజస్వల అయిన తర్వాత ఎదుగుదల వేగం తగ్గుతుంది కనుక ఆ వివరాన్ని సంకోచం లేకుండా డాక్టరుకు చెప్పాలి. రేడియస్ మణికట్టు వైపున ఏడాదికి సగటున అర సెంటీమీటరు పైగా పెరుగుతుంది. దీన్ని బట్టి ఎనిమిదేళ్ల బాబుకు రేడియస్ పూర్తిగా ఆగిపోతే రెండు ఎముకల మధ్య నాలుగైదు సెంటీమీటర్ల తేడా రాగలదని, పదిహేనేళ్ల అమ్మాయికి అదే జరిగితే తేడా కొన్ని మిల్లీమీటర్లకు మించదని తేలికగా అర్థమవుతుంది.

బార్ తొలగించే ఆలోచన ఉంటే అది పొరలో ఎంత మేర ఉందో తెలియాలి, అందుకు ఎంఆర్ఐ గానీ సీటీ గానీ కావాలి. ఎంఆర్ఐలో రేడియేషన్ లేదు, మృదులాస్థి నేరుగా కనిపిస్తుంది, అయితే చిన్నపిల్లలు కదలకుండా పడుకోవడానికి మత్తు అవసరం కావచ్చు. బార్ తొలగించే ఉద్దేశమే లేనప్పుడు ఈ ఖర్చు చాలాసార్లు అనవసరం.

ఎంపికలు, వాటి మధ్య తేడాలు

మొదటిది ఆపరేషన్ లేకుండా గమనిస్తూ ఉండటం. ఎదుగుదల ముగింపుకు దగ్గరపడి, తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లలో ఉండి, నొప్పి లేకుండా అరచేయి రెండు వైపులా పూర్తిగా తిరుగుతున్న బిడ్డకు ఇదే సరైనది. గమనించడమంటే ఊరుకోవడం కాదు, నాలుగు నుంచి ఆరు నెలలకోసారి ఎక్స్‌రే తీయించి కొలత రాసిపెట్టుకోవడం. కొలత పెరిగితే ఈ ఎంపిక అక్కడితో ముగిసినట్టే.

రెండోది అల్నా ఎదుగుదలను కూడా ఆపేయడం, దీన్ని ఎపిఫిసియోడెసిస్ అంటారు. చిన్న గాటు పెట్టి, సీ-ఆర్మ్ అనే కదిలే ఎక్స్‌రే సాయంతో అల్నా గ్రోత్ ప్లేట్‌ను డ్రిల్‌తో తొలిచి తీసేస్తారు. లోహపు ప్లేటు, స్క్రూలు ఉండవు, ఎముకను కోయరు, ఆసుపత్రిలో ఉండాల్సింది ఒక రోజు లోపే. బాగున్న ఎముకను ఎందుకు పాడుచేయాలని తల్లిదండ్రులకు మొదట బాధ కలుగుతుంది, ఆ బాధ న్యాయమైనదే. కానీ రేడియస్ ఇక పెరగదని తేలిన తర్వాత అల్నా పెరిగే ప్రతి మిల్లీమీటరూ మణికట్టును వంచడానికే పనికొస్తుంది. రేడియస్ పొర పాక్షికంగానే ఆగి ఒక వైపు పెరుగుతూ వాలుతుంటే, అదే ఆపరేషన్‌లో ఆ మిగిలిన భాగాన్ని కూడా ఆపేస్తారు. ఫలితంగా ఆ ముంజేయి రెండో చేతికన్నా కొంత పొట్టిగా ఉంటుంది. చేయి కాలు వంటిది కాదు, రెండు మూడు సెంటీమీటర్ల తేడా పనికి అడ్డు రాదు, పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే ఎవరికీ తెలియదు. అయితే ఈ పద్ధతి ఇప్పటికే ఉన్న తేడాను తగ్గించదు, పెరగకుండా ఆపుతుంది, అంతే. తేడా మూడు మిల్లీమీటర్లప్పుడు చేయిస్తే మూడు దగ్గర, తొమ్మిదప్పుడు చేయిస్తే తొమ్మిది దగ్గర ఆగుతుంది. నా దృష్టిలో పదకొండు నుంచి పద్నాలుగేళ్ల మధ్య, తొందరగా గుర్తించిన పిల్లలకు దీన్ని మించినది లేదు. అందరికంటే ఎక్కువగా జారవిడుచుకునే అవకాశం కూడా ఇదే, ఎందుకంటే తేడా చిన్నగా ఉన్నప్పుడు బిడ్డకు నొప్పి ఉండదు, నొప్పి లేనప్పుడు ఎవరూ ఆపరేషన్‌కు ఒప్పుకోరు.

మూడోది బార్‌ను తొలగించడం. ఫిన్లాండ్ వైద్యుడు లాంగెన్‌షోల్డ్ 1960లలో ఈ పద్ధతికి రూపం ఇచ్చారు. గట్టిపడిన ఎముక ముక్కను తొలిచి తీసి, అది మళ్లీ అతుక్కోకుండా ఆ ఖాళీలో బిడ్డ ఒంటి నుంచే తీసిన కొవ్వును నింపుతారు. పెరుగుదల తిరిగి మొదలైందో లేదో కొలవడానికి ఎముకలో చిన్న లోహపు గుర్తులు పెడతారు. విన్నప్పుడు ఇదే అన్నిటికన్నా మంచిదిగా తోస్తుంది, ఎందుకంటే మిగతావన్నీ నష్టానికి సర్దుబాట్లు, ఇదొక్కటే నష్టాన్ని పూడ్చే ప్రయత్నం. కానీ దీనికి షరతులు కఠినమైనవి. బార్ పొర వైశాల్యంలో సగం కన్నా తక్కువ ఉండాలి, బిడ్డకు కనీసం రెండేళ్ల ఎదుగుదల మిగిలి ఉండాలి, పొర మిగతా భాగం ఆరోగ్యంగా ఉండాలి. షరతులన్నీ కుదిరినా పెరుగుదల తిరిగి వస్తుందన్న హామీ లేదు. వచ్చినా చాలాసార్లు మామూలు కన్నా నెమ్మదిగా సాగి, రెండో చేతికన్నా ముందే ఆగిపోతుంది, బార్ మళ్లీ ఏర్పడవచ్చు కూడా. అందువల్ల ఏడెనిమిదేళ్ల బిడ్డకు చిన్న బార్ ఉంటే దీన్ని గట్టిగా పరిశీలించమంటాను, ఎందుకంటే ఆ వయసులో రెండెముకలనూ ఆపేస్తే ముంజేయి మరీ పొట్టిగా మిగులుతుంది. పదమూడేళ్ల అమ్మాయికి ఇదే సూచిస్తే మాత్రం రెండో అభిప్రాయం తీసుకోమంటాను.

నాలుగోది అల్నాను పొట్టి చేయడం. అల్నా మధ్యభాగంలోనో కింది భాగంలోనో లెక్కగట్టిన మందం మేర ఎముక ముక్కను కోసి తీసి, రెండు చివరలనూ దగ్గరకు లాగి ప్లేటు, స్క్రూలతో బిగిస్తారు. ఎదుగుదల ముగిసి, అల్నా పొడవుగా మిగిలిపోయి, చిటికెన వేలి వైపు నొప్పితో వచ్చే పదహారు పదిహేడేళ్ల పిల్లలకు ఎక్కువగా పనికొచ్చేది ఇదే. రేడియస్ వాలు సరిగ్గానే ఉండి, తేడా సుమారు ఒక సెంటీమీటరు లోపు ఉంటే దీనితోనే పని పూర్తవుతుంది. కోత అతుక్కోవడానికి రెండు నుంచి నాలుగు నెలలు పడుతుంది, కొందరిలో ఆలస్యమవుతుంది. పొగ తాగే అలవాటున్న కుర్రవాళ్లలో ఆ ఆలస్యం ఎక్కువ కనుక ఆ అలవాటు ఇంట్లో దాచినా సర్జన్ దగ్గర దాచకూడదు. అల్నా చర్మానికి చాలా దగ్గరగా ఉండే ఎముక, బల్ల మీద చేయి ఆనించి రాసేటప్పుడు ప్లేటు ఒత్తుకుంటుంది, తర్వాత దాన్ని తీయించుకోవడానికి మరో చిన్న ఆపరేషన్ అవసరం కావచ్చు. ఎదుగుదల ఇంకా మిగిలి ఉన్నా తేడా అప్పటికే నొప్పి పుట్టించేంత పెరిగిపోయిన బిడ్డకు, పొట్టి చేయడాన్నీ, అల్నా పొరను ఆపడాన్నీ ఒకే మత్తులో కలిపి చేస్తారు. రెండోది చేయకుండా మొదటిది మాత్రమే చేస్తే అల్నా మళ్లీ పొడవు పెరుగుతుంది. ఈ ప్రశ్నను సర్జన్‌ను తప్పక అడగండి.

ఐదోది రేడియస్‌ను కోసి సరిచేయడం. ఎముక చివర బాగా వాలిపోయినప్పుడు అల్నాను ఎంత పొట్టి చేసినా చేయి తిన్నబడదు. అప్పుడు రేడియస్‌ను వంకర ఉన్న చోట కోసి, వాలును సరిదిద్ది, ఏర్పడిన ఖాళీలో తుంటి ఎముక నుంచి తీసిన ముక్కను పెట్టి ప్లేటు వేస్తారు. ఒక్కసారిగా సాగదీయగలిగింది సుమారు ఒక సెంటీమీటరే, అంతకన్నా లాగితే నరాలు, స్నాయువులు ఒప్పుకోవు. తుంటి దగ్గర నొప్పి కొన్ని వారాలు ఉంటుంది. చాలామందికి దీంతో పాటు అల్నాను కొద్దిగా పొట్టి చేస్తారు, అప్పుడు రేడియస్‌ను అంతగా సాగదీయనక్కర్లేదు. ఇది పెద్ద ఆపరేషన్, చేతి సర్జరీలోనో పిల్లల ఎముకల వైద్యంలోనో అనుభవం ఉన్నవారి చేతే చేయించుకోవాలి.

ఆరోది నెమ్మదిగా పొడవు పెంచడం. సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజారోవ్ అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. ఎముకను కోసి, బయట ఫ్రేము బిగించి, ఐదు నుంచి ఏడు రోజులు ఆగి, ఆ తర్వాత రోజుకు ఒక మిల్లీమీటరు మించకుండా, దాన్ని కూడా నాలుగు సార్లుగా, మరలు తిప్పుతూ ఎముకను సాగదీస్తారు. ఖాళీలో కొత్త ఎముక పుడుతుంది. రెండు మూడు సెంటీమీటర్ల లోటును పూడ్చగలిగేది ఇదొక్కటే. అయితే సాగదీయడం ముగిశాక కొత్త ఎముక గట్టిపడే దాకా ఫ్రేము ఉంచాలి, మొత్తంగా సెంటీమీటరుకు నెల నుంచి నెలన్నర దాకా పడుతుంది. పిన్నులు చర్మంలోకి దిగిన చోట్ల చీము పట్టడం సర్వసాధారణం, రోజూ శుభ్రం చేయాలి. వేళ్లు బిగుసుకుపోకుండా ఫిజియోథెరపీ ఆపకూడదు. రోజూ మరలు తిప్పాల్సింది ఇంట్లో వాళ్లే. కుటుంబానికి ఆ ఓపిక, ఆసుపత్రికి తరచుగా వెళ్లే వీలు ఉన్నాయో లేదో ముందే నిజాయితీగా ఆలోచించుకోవాలి. చేయి పొట్టిగా ఉందన్న ఒక్క కారణంతో, నొప్పీ వంకరా లేని బిడ్డకు దీన్ని చేయించడం నేను సమర్థించను.

అల్నా ఆగిపోయినప్పుడు

పైన చెప్పినదంతా రేడియస్ ఆగినప్పటి సంగతి. అల్నా ఆగిపోతే బొమ్మ తిరగబడుతుంది: రేడియస్ విల్లులా వంగుతుంది, చేయి చిటికెన వేలి వైపుకు ఒరుగుతుంది, లోటు బాగా పెరిగితే మోచేతి దగ్గర రేడియస్ తల పక్కకు జారే ప్రమాదం కూడా ఉంటుంది. అందుకని ఈ పిల్లలకు మోచేతిని కూడా కలిపి ఎక్స్‌రే తీయించాలి. పొట్టి అల్నా ఉన్నా ఏ ఇబ్బందీ లేని పిల్లలు చాలామంది ఉంటారు, వారిని గమనిస్తే చాలు. వంపు పెరుగుతుంటే రేడియస్ పొరలో బొటనవేలి వైపు సగాన్ని ఆపి వాలును సరిచేయడం, లేదా రేడియస్ పొర మొత్తాన్నీ ఆపేయడం, లోటు ఎక్కువైతే అల్నాను సాగదీయడం వంటి మార్గాలున్నాయి.

వయసును బట్టి నా సలహా

ఎనిమిదేళ్ల బిడ్డకు రేడియస్‌లో చిన్న బార్ ఉంటే ఎంఆర్ఐ తీయించి బార్ తొలగింపు గురించి పిల్లల ఎముకల నిపుణుడితో మాట్లాడండి. అది విఫలమైతే మిగతా దారులు ఇంకా తెరిచే ఉంటాయి. అదే వయసులో పొర మొత్తం ఆగిపోయి ఉంటే ఒక్క ఆపరేషన్‌తో తీరుతుందని ఆశించకండి, పెరిగే కాలంలో ఒకటికి రెండుసార్లు సరిచేయాల్సి రావచ్చని సర్జన్ చెబితే అది నిజాయితీగా చెప్పిన మాటే. పన్నెండేళ్ల అమ్మాయికి తేడా రెండు మూడు మిల్లీమీటర్లుండి పెరుగుతున్నట్లు తేలితే, నొప్పి లేకపోయినా అల్నా పొరను ఆపడం గురించి ఈ సెలవుల్లోనే నిర్ణయించుకోండి, వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి. పదిహేడేళ్ల అబ్బాయికి ఎదుగుదల ముగిసి ఉంటే తొందర లేదు. నొప్పి ఎంత, ఏ పనికి వస్తోంది, రేడియస్ వాలు ఎంత అన్నవి చూసి, పరీక్షలయ్యాక తీరుబడిగా అల్నాను పొట్టి చేయించుకోవచ్చు. ఈ వయసులో నొప్పికి కారణం రెండెముకల మధ్య ఉండే త్రికోణపు మెత్త చిరగడం కూడా కావచ్చు. ఎముక పొడవును సరిచేయకుండా ఆ చిరుగును మాత్రమే కుట్టిస్తే నొప్పి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ.

మర్దనలు, తైలాలు, బెల్టులు బార్‌ను కరిగించలేవు. నొప్పి ఉన్న రోజుల్లో మణికట్టు బెల్టు ఉపశమనం ఇస్తుంది, అది వైద్యానికి ప్రత్యామ్నాయం కాదు. మొదటి విరుపుకు ఆసుపత్రిలో సిమెంటు కట్టు వేయించినా, పుత్తూరు కట్టు వేయించినా, ఎక్కడ వేయించారన్న వాదన ఇప్పుడు అక్కర్లేదు. గ్రోత్ ప్లేట్ నలిగేది చాలావరకు పడిన క్షణంలోనే. ఏ కట్టు వేయించుకున్నవారైనా ఆరు నెలలకు ఒకసారి, ఏడాదికి మరోసారి ఎక్స్‌రే తీయించుకోవాలన్నదే నేను గట్టిగా చెప్పేది. పాత ఫిల్ములను పారేయకుండా తేదీల వారీగా ఒక కవరులో దాచండి, ఫోన్‌లో ఫొటోలు కూడా తీసి పెట్టుకోండి. పోల్చడానికి పాతది లేకపోతే కొత్త ఎక్స్‌రే సగం సమాధానమే ఇస్తుంది.

సర్జన్‌ను కలిసినప్పుడు ఎముక వయసు ఎంత, రెండో చేతితో పోలిస్తే తేడా ఎన్ని మిల్లీమీటర్లు, ఏమీ చేయకపోతే ఎదుగుదల ముగిసేనాటికి ఆ తేడా ఎంతకు చేరవచ్చు, సూచించిన ఆపరేషన్ ఉన్న తేడాను తగ్గిస్తుందా లేక ఇకపై పెరగకుండా ఆపుతుందా అని అడిగి, జవాబులను రాసుకోండి. ఖర్చు విషయంలో తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ బిడ్డకు సూచించిన ఆపరేషన్ వస్తుందో లేదో, ఆసుపత్రిలోని పథకం హెల్ప్‌డెస్కులో తేదీ తీసుకోకముందే కనుక్కోండి. ఒకే సమస్యకు రెండు ఆపరేషన్లు కలిపి చేస్తున్నప్పుడు అనుమతి రెండింటికీ ఉందో లేదో విడిగా అడగాలి.

ఆపరేషన్ తర్వాత కూడా ఎదుగుదల ముగిసే దాకా ఆరు నెలలకోసారి ఎక్స్‌రే తప్పదు. అల్నా పొరను ఆపిన పిల్లల్లో అది నిజంగా ఆగిందో లేదో మొదటి ఆరు నెలల ఫిల్ములో తేలుతుంది, ఎక్కడైనా కొంత మిగిలి పెరుగుతుంటే మళ్లీ తొలవాల్సి వస్తుంది. ప్లేటు వేసినవారు ఎముక పూర్తిగా అతికిందని డాక్టరు చెప్పే దాకా కబడ్డీ, క్రికెట్ వంటి ఆటలకూ, బరువులెత్తడానికీ దూరంగా ఉండాలి. ప్లేటు ఇబ్బంది పెట్టకపోతే దాన్ని తీయించాల్సిన అవసరం లేదు. తీయించుకుంటే ఆ స్క్రూల రంధ్రాలు పూడే దాకా కొన్ని వారాలు చేతిని మళ్లీ జాగ్రత్తగా వాడాలి.